చెక్క మందిరానికి నేను వేయించిన రంగు

సహోదరులారా, ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఉధృతంగా సాగుతున్న ఆ రోజుల్లో ప్రార్థనకు కళ్లు మూసుకోవాలంటేనే నాకు భయం వేసేది, ఎందుకంటే కళ్లు మూస్తే చాలు, మా హఫీజ్‌పేట్ చెక్క మందిరంలో పుచ్చిపోయిన పలక ఒకటి నా కళ్లముందు నిలబడేది!

నాది భీమవరం వైపు. మాదాపూర్‌లో ఉద్యోగం, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా పని, అయినా నా తప్పు మాత్రం నాకు రెండేళ్లు కనబడలేదు. మా మందిరం పాతకాలపు టేకు పలకలతో కట్టింది. వడ్రంగి యేసోబు తాత ఏటా క్రిస్మస్ ముందు గోడలకు గుడ్డతో అవిసె నూనె రుద్దేవాడు. కొత్తగా చేరిన నాకు ఆ జిడ్డు నచ్చక, దేవుని ఇల్లు తళతళలాడాలని ఎనామిల్ పెయింట్ వేయించాను. అందరూ మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను!

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఆదివారం నా గొడుగు మొన గోడకు తగిలి లోపలికి దిగిపోయింది. రంగు కింద చెక్క నానిన బిస్కెట్టులా ఉంది. గబుక్కున కుర్చీ జరిపి ఆ చిల్లు దాచేశాను. దేవుడు నన్ను క్షమించుగాక!

తర్వాత మరికొన్ని పలకలూ పుచ్చినట్టు తేలింది. చెక్క పాతబడిందని అందరూ అనుకున్నారు, పాస్టరు గారు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత చేతులెత్తమన్నారు, ఒప్పుకుంటే మందిరాన్ని విప్పేసి సిమెంటు హాలు కడతారు. కానీ మందిరంలోని బీరువా వెనుక రంగు పడని గోడ ఇనుములా ఉందని నేను చూశాను. చెడింది చెక్క వయసు వల్ల కాదు, తేమను లోపలే బిగించిన నా రంగు వల్ల. చెబితే మందిరం నిలుస్తుంది. కానీ ఆ రోజుల్లో, కోస్తా నుంచి వచ్చిన నేను, మీ మందిరం పాడుచేసింది నేనేనని ఎలా చెప్పను? "ప్రభువా, చెప్పమంటావా, ఊరుకోమంటావా? ఏదో ఒకటి తేల్చు తండ్రీ!" అని వారమంతా అడిగాను. జవాబు రాలేదు.

ఆ ఆదివారం రోడ్డు మీద ఊరేగింపు, బస్సులు లేవు, ఆటోలు లేవు. నడుస్తూ పోతుంటే జెండా పట్టుకున్న ఒక అక్క నన్ను ఆపింది. నేను తల వంచుకుని పక్కకు జరిగాను. "ఏంది సారూ, గిట్ల చెమటలు పడుతున్నయి? జర నీళ్లు తాగి పో" అని సీసా ఇచ్చింది. తాగాను. ఇంతకీ నేను భయపడుతున్నది ఎవరికో నాకే అర్థం కాలేదు.

ఆరాధన ముగిసింది. పాస్టరు గారు చేతులెత్తమనేలోపే, నన్ను ఎవరు లేపారో తెలియదు, నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను, కుర్చీ జరిపి చిల్లు కూడా చూపించాను! యేసోబు తాత మెల్లగా వచ్చి బీరువా వెనుక చెయ్యిపెట్టి తడిమాడు.

"రంగేసిన దినమే చెప్దామనుకున్న సారూ. కొత్తగ వచ్చినోడు, మనసు నొస్తదని ఊకున్న. ఇద్దరం కల్సే ఖరాబ్ చేసినం. ఇగ ఇద్దరమే గీకాలె."

నేను ఏడ్చేశాను సహోదరులారా! ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు. వారం వారం రంగు గీకాం, పుచ్చినవి తీసి కొత్త పలకలు బిగించాం, నూనె రుద్దాం. దేవునికే మహిమ!

అంతా శుభ్రం చేసిన తాత, నేను కూర్చునే చోట ఒక్క పలక మీద మాత్రం ఆ రంగు అలాగే వదిలేశాడు. నాకు బుద్ధి చెప్పడానికా, గుర్తుగానా? అడిగితే నవ్వుతాడు. నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పలకకు వీపు ఆనించి కూర్చుంటే మాత్రం ప్రార్థన చేసుకోగలుగుతున్నాను, అందుకే నా దేవునికి వందనాలు.

మీలో ఎవరైనా ఏ చిల్లు ముందైనా కుర్చీ వేసుకుని కూర్చున్నారా? జవాబు వచ్చేదాకా ఆగకండి, ఆయనను నమ్మి లేవండి, కుర్చీ జరపండి.