నాకు రాని జబ్బు

నెలకోసారి మా అమ్మ, అన్న కలిసి నెల్లూరు పోయేవాళ్లు. పొద్దున బిట్రగుంటలో ప్యాసింజరు ఎక్కితే చీకటి పడే వేళకు తిరిగొచ్చేవాళ్లు. నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేవాళ్లు. అన్నకు నెమ్ము ఉంది, పెద్దాసుపత్రిలో చూపించాలి అని చెప్పేవాళ్లు. వారమంతా రొయ్యల షెడ్డులో నిలబడి తలలు తీసే మా అమ్మ ఆ రోజు మాత్రం చర్చికి పోయినట్టు మంచి చీర కట్టుకుని బయల్దేరేది. వాళ్లు హోటల్లో దోసె తింటారని అన్న చొక్కా మీది సాంబారు మరక చూసి కనిపెట్టాను.

ఇంట్లోనూ అంతే. ఉడకబెట్టిన గుడ్డు వాడికి. వాడు దగ్గితే అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చేది. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ వంటింట్లో పక్కపక్కన నిలబడి మాత్రలు మింగేవాళ్లు. బలానికి అనేది అమ్మ. నాకెందుకు అక్కర్లేదో ఆ బలం, నాకు అర్థమయ్యేది కాదు. నాన్న నేను పుట్టిన ఏడాదికే పోయాడు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఒక జట్టు, నేను బయట.

అన్నిటికంటే అమ్మమ్మ ఒకసారి నవ్వుతూ అన్న మాట నన్ను ఎక్కువగా కాల్చింది. మా అన్న రెండేళ్లు అమ్మ రొమ్ము వదల్లేదట. నేను పుట్టినప్పటి నుంచీ డబ్బా పాలేనట.

పదో తరగతి సెలవుల్లో ఒక పొద్దున, నేనూ నెల్లూరు వస్తానని గడపకు అడ్డంగా కూర్చున్నాను. అన్న ఆటో కోసం రోడ్డు మీదికి పోయాడు. అమ్మ బతిమాలింది, కసిరింది. నేను కదల్లేదు.

"వాడికి పాలిచ్చినావు. నాకెందుకు ఇయ్యలా?" అని అడిగాను.

అమ్మ సంచీ కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నాన్నను తీసుకుపోయిన జబ్బు తనకూ ఉందని చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తేనే ఆ సంగతి తెలిసిందట. వెంటనే అన్నకూ పరీక్ష చేశారు. వాడికి అప్పటికే వచ్చేసింది. కడుపులో వచ్చిందో, కాన్పులో వచ్చిందో, పాలతో వచ్చిందో చెప్పలేమన్నారు డాక్టర్లు. పాలతోనే వచ్చిందని మా అమ్మ తీర్మానించుకుంది. నా కాన్పు వేళకు ఆమెకు మందు వేశారు, పుట్టగానే నాకూ వేశారు. డబ్బా పాలు పట్టగలిగితే రొమ్ము ఇవ్వొద్దన్నారు. నేను ఏడుస్తుంటే, పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతుంటే, గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేదట.

"ఇచ్చుంటే నువ్వు కూడా మాతోపాటి నెల్లూరు వచ్చేదానివి పాపా," అంది.

ఆ మాటకు నేను భయపడి ఉండాల్సింది. ముందుగా నా మనసులోకి వచ్చింది మాత్రం, వచ్చి ఉంటే బాగుండేది కదా అని. భయం తర్వాత వచ్చింది, ఏడుపు ఇంకా తర్వాత.

కొన్నాళ్లకు సముద్రం ఒడ్డున అన్నతోనే ఆ మాట అనేశాను, నాకు వాణ్ణి చూస్తే కుళ్ళు అని.

"నీకు జరమొస్తే ఒట్టి జరమే. నాకొస్తే అమ్మ మొగం మారిపోద్ది. ఆ మొగం చూళ్ళేక దగ్గొచ్చినా ఆపుకుంటా. నువ్వు ఎంత గెట్టిగా దగ్గుతావో తెలుసా?" అన్నాడు.

వాడికీ నా మీద అంత కుళ్ళు ఉందని నాకు తెలియదు. తెలిసినంత మాత్రాన నాది తగ్గలేదు.

మాత్రలు మానకుండా వేసుకుంటూ వాడు చదువుకుని, తడ దగ్గర కంపెనీలో పనికి చేరాడు. ఆసుపత్రి వరండాలో పరిచయమైన అమ్మాయినే చేసుకున్నాడు. ఆమెకూ అదే జబ్బు, పుట్టుకతో వచ్చింది. వదిన కాన్పుకు అమ్మ తడ వెళ్లి నెలల తరబడి ఉండిపోయింది. కావలిలో బడి పంతులమ్మ ఉద్యోగం చేసుకుంటూ నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను.

ఒక ఆదివారం వాళ్లను చూడ్డానికి పోయాను. వదిన మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. మాత్రలు తప్పకుండా వేసుకుంటూ తల్లిపాలే ఇమ్మన్నారట ఇప్పటి డాక్టర్లు. బిడ్డకూ రోజూ మందు పోస్తున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇప్పుడు ఇయ్యమంటా ఉండారంట పాపా," అంది నాతో, మెల్లగా.

కుళ్ళుకునే ఆ గొంతు నాకు బాగా తెలుసు. నాలోపల ఎన్నో ఏళ్లుగా వింటున్నదే. అమ్మ నుంచి నాకేమీ రాలేదనుకుంటూ పెరిగాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మాత్రం బిడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు.

పాలు మాన్పించాక అమ్మ ఇంటికి వచ్చేసింది. మొన్న అన్న ఫోన్ చేశాడు. చివరి పరీక్ష కూడా అయింది, బిడ్డకు జబ్బు లేదు. ముందు నాకే చేశానన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన గర్వం చెప్పుకుంటే నవ్వుతారు.

పెరట్లో అంట్లు తోముతున్న అమ్మకు చెప్పాను. బూడిద చేతులతోనే ఫోన్ లాక్కుంది. ఏడ్చింది, నవ్వింది, ప్రార్థన చేసింది, వాడు అన్నం తిన్నాడా అని అడిగింది. ఎంతసేపటికీ ఆ మాటలు తెగలేదు. నేను లోపలికి పోయి ఒక్కదాన్నే అన్నం పెట్టుకుని తినేశాను.