‘గ్రో’ది ఏ ఊరు?

మా ఇంగ్లీషు సారు పోయిన ఆదివారం పొద్దున సుబేదారిలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. టీ తాగి, పేపరు అడిగి, కళ్లజోడు పెట్టుకునేలోపే అయిపోయిందట. వినగానే ఏడుపు రాలేదు. ‘అయిపోయింది’ అనే మాటను సారు ఇంగ్లీషులో ఎలా చెప్పేవారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు తప్పదు.

వర్ధన్నపేట బడిలో ఆయన మాకు తొమ్మిదో తరగతి పాఠాలు చెప్పారు. సుద్దముక్కలు వేసుకుని వేసుకుని చొక్కా జేబు తెల్లగా అయిపోయేది. కొత్త మాట వస్తే అర్థం కన్నా ముందు దాని పుట్టుక చెప్పేవారు. “కొత్త మనిషి కలిస్తే మీదేవూరని అడగమా? మాటను గూడ అడగాలె” అనేవారు.

ఒకరోజు అమ్మ గురించి ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పమన్నారు. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోయి, కలుపు తీసి నన్ను చదివించేది. లేచి గర్వంగా “మై మదర్ గ్రూ మీ” అన్నాను. మా అమ్మ నన్ను పెంచింది అని నా లెక్క. ఇంగ్లీషు మీడియం నుంచి కొత్తగా వచ్చిన పిల్ల వెనక బెంచీలోంచి, “నువ్వేమన్న వంకాయవా?” అంది. క్లాసంతా నవ్వింది. నన్నంటే పడేదాన్నే, అమ్మను అన్నట్టు తోచింది. రేపటి నుంచి బడికి రానని, అమ్మతో పాటు కూలికే పోతానని అక్కడే అనుకున్నాను.

సారు నవ్వలేదు. అలాగని తప్పును ఒప్పు అనీ అనలేదు. “ఇంగ్లీషుల పిల్లల్ని పెంచుడుకు బ్రింగప్ అంటరు బిడ్డా. గ్రో అంటే పంటల్ని పెంచుడు” అని, బోర్డు మీద గ్రో, గ్రాస్, గ్రీన్ అని రాశారు.

“ఈ మూడిటిది ఒక్కటే ఊరు. పెరుగుడు, గడ్డి, పచ్చదనం, అన్నీ ఒక్క వేరు నుంచే వచ్చినయ్. ఎనుకట గ్రో అంటే చెట్టుచేమలు పెరుగుడే. మనుషులకు వేరే మాట ఉండె. పోను పోను మనిషికి గూడ ఇదే వచ్చింది. ముసలోడైతాండన్నా, చీకటి పడతాందన్నా గిప్పుడు గ్రోనే.” తర్వాత వెనక బెంచీ వైపు చూశారు. “వాళ్లమ్మ పొద్దంత పచ్చని చేన్లనే ఉంటది. ఈ మాట సొంతూరు మీ అందరికన్నా ఈ పిల్లకే ఎరుక.”

అది తలుచుకుంటే ఇప్పటికీ నా నడుం నిటారుగా అవుతుంది. మర్నాడు బడికి వెళ్లాను. ఇప్పుడు పరకాలలో ఇంగ్లీషు టీచర్ని. నా క్లాసు పిల్లలూ అదే తప్పు రాస్తారు. దిద్దుతాను, కాకపోతే ఊరు చెప్పాకే దిద్దుతాను. సారుకు ఈ సంగతి చెబితే, “జర మెల్లగ దిద్దు, ఎర్ర ఇంకు మస్తు గుచ్చుతది” అన్నారు.

ఆ ఆదివారం నేను మా ఊళ్లోనే ఉన్నాను. అమ్మ చేనులో కలుపు తీస్తోంది. ఇప్పుడది మా సొంత చేను. విషయం చెప్పగానే కాళ్లు కడుక్కుని, ఉన్న చీరతోనే బండెక్కింది. సుబేదారిలో సారు పాదాల దగ్గర నిలబడి చేతులు జోడించి, “నా బిడ్డను పెంచింది మీరే సారూ” అంది.

ఆ మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసు. మనసులో మాత్రం ‘గ్రూ’ అనే వచ్చింది. దిద్దుకోలేదు. జోడించిన అమ్మ వేళ్లకు గడ్డి పసరు ఇంకా పచ్చగానే ఉంది.