విఠల్ సార్ చదివిన చిన్న అక్షరాలు

మా గురువుగారు, రసాయన శాస్త్రవేత్త విఠల్ సార్ ఇక లేరన్న వార్త నాకు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. కొత్త బ్యాచ్ తయారైన మరునాడు పొద్దున ఆ నంబరు నుంచి పిలుపు రావడం మాకు ఆనవాయితీ. ఆ రోజు వినిపించింది మాత్రం ఆయన ధర్మపత్ని శకుంతలమ్మగారి గొంతు. "అమ్మా సుజాతా, సార్ లేస్తలేరు. పిలిస్తే పలుకుతలేరు" అన్నారు. దుఃఖం కంటే ముందు నన్ను భయం పట్టుకుంది. ముందటి సాయంత్రమే ఆయన నా ఎదుట మేం ల్యాబులో తయారుచేసిన కొవ్వు తిన్నారు.

తిరుమలగిరిలోని మా చిన్న ప్రయోగశాలలో సార్ తపస్సంతా ఒక్కదాని కోసమే. సన్‌ఫ్లవర్ నూనెను మిథనాల్‌తో విడగొట్టి, గాలి తీసేసిన పాత్రలో వేడిచేసి, చక్కెరకు అతికించడం. అలా వచ్చిన పదార్థానికి నెయ్యి రుచి ఉంటుంది గానీ, కడుపు దాన్ని అరిగించుకోలేదు గనుక ఒంటికి కొవ్వు పట్టదు. సార్ తండ్రిగారు గుండెజబ్బుతో పోయారు. చివరిదాకా వేపుళ్ళు మానలేకపోయారట.

చిక్కల్లా ఆ మిథనాల్‌తోనే. కల్తీ సారా తాగినవాళ్ళ చూపు తీసేది అదే. చివరి బొట్టు దాకా లాగేశామని యంత్రం చెప్పినా సార్‌కు మనసు ఒప్పేది కాదు. మోండా మార్కెట్ నుంచి మిర్చి తెప్పించి, ఆ కొవ్వులో బజ్జీలు వేయించి, మమ్మల్ని ముట్టనీయకుండా తానే తినేవారు. మరునాడు పొద్దున సైనిక్‌పురిలోని ఇంటి నుంచి ఫోన్ చేసి, పేపర్లోని పెళ్ళి ప్రకటనలు నాకు చదివి వినిపించేవారు. అంత చిన్న అక్షరాలూ కనబడ్డాకే, "ఇగ పంపియ్యి" అనేవారు. అప్పుడు గానీ ఆ డబ్బా పరీక్షకు ఒప్పుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళేది కాదు.

"మెషీన్ మీద నమ్మకం లేదా సార్?" అని ఒకసారి నవ్వాను.

"మెషీన్‌కు భార్యాపిల్లలు లేరు గదమ్మా, దానికేం భయం? మనం జెర భయపడాలె. భయం పోయిన్నాడు లాబ్ బంద్ చేసుకోవాలె" అన్నారు.

ఒక వానాకాలం మా కప్పు కారింది. నీళ్ళు తగిలితే భగ్గుమనే రసాయనం డబ్బా దాని కిందే ఉంది. మమ్మల్నందరినీ బయటికి తరిమి, మూత బిగించేదాకా ఆ డబ్బాకు తన గొడుగు పట్టుకున్నారు. ధైర్యాన్ని మెచ్చుకోబోతే, "ధైర్యం ఏందీ? కాళ్ళు సూడు, ఇంకా వణుకుతున్నయ్" అన్నారు. నిజంగానే వణుకుతున్నాయి.

తండ్రిగారి నుంచి సార్‌కు వచ్చిన పాత గుండెజబ్బే ప్రాణం తీసిందని డాక్టరు చెప్పారు. బయటి ప్రయోగశాల సార్ చివరగా తిన్న బ్యాచ్‌లో ఏ దోషమూ లేదంది. అయినా మాలో ఎవరూ ఆ కొవ్వు డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. దాన్ని పారబోస్తే, సార్ తాను చేసిన కొవ్వు తినే పోయారని లోకం అనుకుంటుంది. ఆయన జీవితమంతా ఆ అనుమానం కింద పడిపోతుంది.

దినకర్మ ముగిసిన సాయంత్రం ఆ కొవ్వులోనే బజ్జీలు వేయించాను. ఎవరినీ ముట్టనీయకుండా నేనే తిన్నాను. పొద్దున కళ్ళు తెరవడానికి కూడా భయమేసింది. తెరిచి, పేపరు తీసి, ఎవరికి చదవాలో తోచక సార్ నంబరుకే ఫోన్ చేశాను.

"నిన్న నేను తిన్నానమ్మా" అన్నాను.

"సదువు బిడ్డా, ఇంటున్న" అన్నారు శకుంతలమ్మగారు.

పెళ్ళి ప్రకటనలన్నీ చదివాను. అక్షరాలు నిలకడగానే ఉన్నాయి. ఆమె చివరిదాకా విన్నారు.

"ఇగ పంపియ్యి" అన్నారు.

సార్, మీ స్థానంలో నిలబడే అర్హత నాకు లేదు. మీ భయం మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. మీ పాదాలకు నమస్కారం.