బోర్డు మీద రెండో ఎన్

ఆ బోర్డు ముందు చూసింది మా ఆయన. డెబ్భైల చివర్లో, పెన్సిల్వేనియాలో మేముండే చిన్న ఊళ్లో, కూరగాయలకు వెళ్తూ ఉన్నట్టుండి కారు ఆపేశారు.

"ఏవోయ్, చూశావా! ఓల్డ్ ఇంగ్లీష్ కోచింగ్ ఇన్ అంట. మనం ఊరంతా వెతుకుతుంటే వీళ్లిక్కడ పెట్టుక్కూర్చున్నారు. నేను కార్ పార్క్ చేస్తా, నువ్వెళ్లి జాయిన్ అయిపో."

నాకూ అలాగే అర్థమైంది. పాత సంస్థ, ఇంగ్లీష్ కోచింగ్ లోపల ఇవ్వబడును. ఇన్‌కి ఎన్ ఒకటి ఎక్కువ పడింది గానీ, కలర్‌లో యూ ఎగరగొట్టిన దేశంలో అదొక లెక్కా అనుకున్నాను.

కోచింగ్ నాకు ప్రాణావసరం. గుంటూరు వైపు మిషన్ ఆసుపత్రిలో వార్డు నడిపిన నర్సుని, ఇక్కడ లైసెన్సు వచ్చేదాకా పక్కలు సర్దే మనిషిని. నర్సింగ్ పేపర్లు గట్టెక్కాయి, ఇంగ్లీష్ తప్పాను. అందులోనూ టేపులో విని జవాబు రాసే భాగం. వీళ్ల మాటలు నా చెవిలో పడేసరికి ముద్దయిపోయేవి. రెండోసారీ తప్పితే ఆసుపత్రి నన్ను ఉంచుకోదు, వీసా పోతుంది. నేనూ, నా వీసా మీద వచ్చిన ఆయనా పెట్టెలు సర్దుకోవాల్సిందే.

లోపల నల్లబడిన దూలాలు, గోడలో పెద్ద నిప్పుగూడు. ఆ చోటు యజమానురాలైన పెద్దావిడ ఎదురొచ్చి, "రెండు గంటలదానికేనా?" అని అడిగింది. అవునన్నాను. అర్థం కానప్పుడల్లా అవుననడం అప్పటికే నాకు అలవాటు. ఆవిడ నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడున్న మరికొందరితో పాటు నాకూ చెప్పడం మొదలుపెట్టింది.

గ్రామర్ లేదు, గీమర్ లేదు. అంతా గుర్రాలే. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకాయన తన ఊళ్లో ఉన్నదాన్ని తలుచుకుని ఇది కట్టించాడట. బండి పైకప్పు మీద కూర్చున్నవాళ్ల తలలు తగలకుండా వాకిలి కమాను ఎత్తుగా పెట్టించాడట. గుర్రాలు మార్చేలోపు ప్రయాణికులకు సూప్ పోసేవారట. నోరు కాలేంత వేడిగా ఉంటే ఎవరు తాగగలరు? బండి కదలగానే అది మళ్లీ కుండలోకి చేరేదట. తర్వాత రైలు వచ్చింది, గుర్రాలు పోయాయి, గదులు ఖాళీ అయ్యాయి. అంతటితో క్లాసు అయిపోయింది. ఇందులో సగం ఆ రోజు కాదు, చాలా వారాల తర్వాత అర్థమైంది.

ఇదేం కోచింగో బోధపడలేదు. మరుసటి శనివారం వెళ్తే అదే పాఠం. ఆపై శనివారం కూడా సూపే. పక్కన కూర్చునేవాళ్లు మాత్రం ప్రతిసారీ కొత్తవాళ్లు. పాత బ్యాచ్ అంతా ఏమైనట్టు? పాసైపోయారా? నేనొక్కదాన్నే మొద్దునా? ఇంటికొచ్చి ఏడుపు మొహం పెట్టాను.

మా ఆయన పప్పు ఎనుపుతూ, "ఎక్కాలు మాత్రం మనకి రోజుకొకటి కొత్తవి చెప్పారా ఏంటి? వల్లె వేయిస్తున్నారేమోలే. ఏదీ, అప్పజెప్పు" అన్నారు.

వారం వారం అప్పజెప్పాను. ఆవిడ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ నవ్వుతుందో, మాట చివర ఎలా మింగేస్తుందో అంతా పట్టుబడింది. ఎందుకు నేర్చుకుంటున్నానో మాత్రం తెలియదు.

మంచు కురుస్తున్న ఒక శనివారం ఆవిడ గొంతు పోయింది. వచ్చినవాళ్లు కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఆవిడ నన్ను లేవమని సైగ చేసింది. పరీక్ష పెడుతోందనుకున్నాను. లేచి, మొదటినుంచి చివరిదాకా చెప్పేశాను. సూప్ దగ్గర అందరూ నవ్వారు. ఎంత సంతోషమైందో! అప్పుడొకాయన, "ఇంతకీ కోచింగ్ ఇన్ అంటే ఏమిటండీ?" అని అడిగాడు.

"లోపల ఇంగ్లీష్ నేర్పుతారని" అన్నాను.

మళ్లీ నవ్వారు, ఇంకా గట్టిగా. ఇందులో నవ్వేముందో నాకు తెలియలేదు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లాక నన్ను గోడ మీది గుర్రబ్బండి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. కోచ్. తర్వాత అరచేతులు చెంప కింద పెట్టుకుని నిద్ర నటించి, మేడ మీది గదుల వైపు చూపించింది. ఇన్.

"సత్రమా!" అని తెలుగులోనే అరిచాను.

సత్రం నాకు తెలియకపోవడమేమిటి? చిన్నప్పుడు మా చర్చి క్రిస్మస్ నాటకంలో ఏటా నాది సత్రం యజమాని వేషమే. తలుపు తీసి "చోటు లేదు" అని మళ్లీ వేసేయడం. అలాంటి నేను ఇన్నాళ్లూ వచ్చి కూర్చున్నది సత్రంలోనా? రెండు గంటలదంటే క్లాసు కాదు, పాత సత్రం చూడొచ్చినవాళ్లకి మధ్యాహ్నం రెండింటికి చెప్పే దాని కథ. సిగ్గుతో చచ్చిపోయాను. మరి ప్రతి వారం ఎందుకొస్తున్నావని నన్ను ఒక్కసారైనా అడగలేదేమని తడబడుతూ అడిగాను.

ఆవిడ గుసగుసగా, "ఈ కథ రెండోసారి వినడానికి ఎవరూ రాలేదమ్మా. అడిగితే నువ్వూ మానేస్తావని భయమేసింది" అంది.

ఆ మాట నాకు ఒక్కసారికే అర్థమైంది.

పరీక్షలో టేపులోని గొంతు మాటల చివర్లు మింగేస్తూనే ఉంది. నేను పట్టుకుంటూనే ఉన్నాను. పాసయ్యాను. ఇక కోచింగ్ అవసరం లేదు. ఆ శనివారం మా ఆయన ఏమీ అడగకుండానే కారు అక్కడ ఆపారు.

పెద్దావిడ ఎదురొచ్చి, "రెండు గంటలదానికేనా?" అంది.

అవునన్నాను. ఈసారి అర్థమయ్యే అన్నాను.