అమ్మ రక్తంలో అంకె

బరంపురం బడా బజార్ వెనక రక్తపరీక్షల గదిలో స్పిరిట్ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఏటా ఒకసారి క్రియాటినిన్ చూపించుకోవడానికి అక్కడికి వెళ్తాను. మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: మన కండల్లోంచి రోజూ కాస్త తుక్కు రక్తంలోకి దిగుతుందట, మూత్రపిండాలు దాన్ని వడగట్టి మూత్రంలో పంపేస్తాయట, అవి చెడితే తుక్కు రక్తంలోనే నిలిచి అంకె పెరుగుతుందట. ఒంట్లో కండే లేని మనిషికి పుట్టే తుక్కూ తక్కువే గనుక, మూత్రపిండాలు చెడుతున్నా అంకె మంచిగానే కనబడొచ్చునట. ఆ మాట విన్నాక చిన్నప్పుడు చూసిన మా అమ్మ రక్తపరీక్ష చీటీ గుర్తొచ్చింది.

ఆర్యపల్లి సముద్రపు ఒడ్డున మా చిన్నతనమంతా ఉప్పులో ఊరింది. చలికాలం వచ్చిందంటే ఇసుక కనబడకుండా నెత్తళ్ళ చేపలు ఎండకు పరిచేవాళ్ళు, కాకుల్ని తోలమని మమ్మల్ని కూర్చోబెడితే మేము పీతల బొరియల్లో పుల్లలు పెట్టి పందేలు కాసేవాళ్ళం, గంగమ్మ పండగనాడు బూరెలు ఒడిలో పోసుకుని పడవల నీడన తినేవాళ్ళం. నన్ను బడికి పంపలేదు. చేపలు తిరగేస్తూనే అమ్మ ఆ ఇసుక మీద వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. దేవుడిచ్చిన చదువు అదే.

ఆ ఒడ్డున ఆడవాళ్ళకు మరుగు లేదు, చుట్టూ వలలు బాగుచేసుకునే మగవాళ్ళు. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి సరుగుడు తోటలోకి వెళ్ళాలి. మధ్యలో అవసరం పడకుండా పగలంతా నీళ్ళు మానేయాలి. అది మా వాడ ఆచారం, దానికి కాపలా మా నాయనమ్మ. నీళ్ళకుండ పక్కన పీట వేసుకుని, నిప్పు నోట్లోకి పెట్టి చుట్ట పీలుస్తూ, కోడలి చెయ్యి ముంత మీద పడుతుందేమోనని చూస్తూ కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అమ్మ కళ్ళు తిరిగి చేపల మీదే చతికిలబడింది. నేను చెంబుతో పరిగెత్తితే నాయనమ్మ దారిలోనే లాక్కుని నీళ్ళు ఇసుకలో ఒంపేసింది.

"ఏటే, మీ యమ్మ రాణీగారేటి? తాగీసి ఎక్కడికెల్తాది? మగోల్ల ముందర కూకుంటాదా?"

"ఒగ్గీ అత్తా, పిల్లకేటి తెల్సు," అంది అమ్మ. నా మొహం చూడకుండా, "నాకు దాహం నేదు, ఎల్లి ఆడుకో" అంది.

కాళ్ళు పొంగి, తిన్నది ఇమడకపోయేసరికి నాన్న అమ్మను బరంపురం తీసుకెళ్ళాడు. చీటీలో అంకె అచ్చువేసిన హద్దులోనే ఉంది. నాన్న ఆ చీటీ వాడంతా చూపించాడు. "సెప్పినాను కాదేటి, ఒట్టి నాటకం," అంది నాయనమ్మ. మర్నాడే అమ్మ మళ్ళీ చేపల దగ్గర వంగుంది. ఎముకలకు చీర చుట్టినట్టుండే ఆ ఒంట్లో కండ ఏదని ఎవరూ అడగలేదు. మరుసటి చలికాలానికి అమ్మ లేదు. నీళ్ళు మానడమే కారణమని ఏ డాక్టరూ అనలేదు, నేనంటాను.

ఇప్పుడు మావాళ్ళ చేపలు చాలామటుకు ఐసులో లారీలెక్కి పోతున్నాయి. ఇసుక మీద వరసగా వంగిన ఆ నడుములు లేవు, ఆ పందేలు లేవు. పోతే పోనీ, నాకు బెంగ లేదు. సాయంత్రం దీపం పెట్టి, నాకు మేలు చేసిన ఒక్కొక్కరినీ తలచుకుంటాను. అమ్మ పోయాక పదేళ్ళు నాకు ముద్దలు కలిపి పెట్టింది నాయనమ్మే. ఆ అన్నానికి దణ్ణం పెడతాను. ఆమెకు పెట్టను.