సముద్రపు మన్నుతో పొయ్యి అలికిన వేళ

డెబ్బైల చివర నేను వరంగల్‌లో భూగర్భశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. పడవలో వాంతులు చేసుకుంటూ మన్నారు సింధుశాఖలో సముద్రం అడుగు నుంచి తీయించిన మట్టిని ఇంటికి మోసుకొచ్చాను. మూడు తట్టల్లో పెరట్లో ఆరబెట్టి స్నానానికి వెళ్లి వచ్చేసరికి తట్టలన్నీ ఖాళీ! ఆ రోజు శుక్రవారం. మా నాయనమ్మ ఆ మట్టితో పొయ్యి అలికేసి, పసుపు కుంకుమ బొట్లు పెడుతోంది.

"గింత మంచి మన్ను ఏడ దొరికిందే బిడ్డా?"

సరిగ్గా అప్పుడే నమూనాలు చూడ్డానికి మా గైడు సారు వచ్చారు. ఏం చేయను, పొయ్యి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఒక తట్టల బంకమన్ను, ఒకదాంట్ల ఇసుక, ఇంకోదాంట్ల అన్నీ గవ్వ పెంకులే సారూ. చేతులు గీసుకపోయినయ్" అంది నాయనమ్మ.

సారు నావైపు తిరిగారు. "ఏ నమూనాల ఏమున్నదో నెల సంది నువ్వు రాసియ్యలే. ఈమె ఒక్క పూటల చెప్పింది. రాసుకో!"

మళ్లీ సముద్రానికి వెళ్లక తప్పలేదు. బయల్దేరుతుంటే నాయనమ్మ గడపలోంచి కేకేసింది: "ఈసారి జర ఎక్కువ తే బిడ్డా, అరుగులు గూడ అలుకుదాం. ఆ గవ్వల మన్ను మాత్రం తేకు!"

నా పరిశోధనంతా ఆ గవ్వల మీదే. ఆ మాట ఆమెకు చివరిదాకా చెప్పలేకపోయాను.