నడింట్లో మంచం

నా చిన్నప్పుడు మా నాన్న చాలాకాలం మంచం మీదే ఉన్నాడు. చీమకుర్తి క్వారీలో లారీకి రాయి ఎక్కిస్తుంటే, జారిన రాయి ఆయన నడుము మీద పడింది. ఒంగోలు ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద ఇక స్పర్శ రాదని చెప్పి ఇంటికి పంపించారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నేనప్పుడు ఆరో తరగతి చదువుతున్నాను.

ఆ రోజుల గురించి ఆలోచిస్తే నాకు ఏడుపులు గుర్తుకు రావు. మా ఇంట్లో ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఎవరి పని వాళ్ళు చేసుకుపోయేవాళ్ళం, అంతే. అమ్మ తెల్లవారకుండానే మిరపకోతకు పోయేది. సాయంత్రం వచ్చి మజ్జిగతో చేతులు కడుక్కునేది, అయినా మంట తగ్గేది కాదు. ఒకరోజు ఆ చేతులతోనే నాన్న నడుము కింద తుడిచి, తుడిచాక గుర్తొచ్చి, చేతులు వెనక్కి లాక్కుంది.

"మండటంలా?" అంది.

"తెలవటంలా," అన్నాడు నాన్న.

అమ్మ నీళ్ళ గిన్నె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను లెక్కలు చేసుకుంటూ కూర్చున్నాను. ఆ లెక్కలన్నీ సరిగానే వచ్చాయి కూడా.

పగలంతా నాన్నను చూసుకునేది నాయనమ్మ. బడి లేనప్పుడు నేను తోడు. మా ఇంటికి వచ్చేపోయే వాళ్ళకు లోటుండేది కాదు. ఆదివారం ఆరాధన కాగానే మందిరం నుంచి సగం మంది మా ఇంటి మీదుగానే వెళ్ళేవాళ్ళు. బత్తాయిలో, బ్రెడ్డు ప్యాకెట్టో తెచ్చి, కాసేపు కూర్చుని, ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. క్వారీలో నాన్నతో పనిచేసిన ఒరిస్సా కుర్రాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళకు తెలుగు సరిగా రాదు. గుమ్మం దగ్గర నిలబడి నాన్న ముఖంలోకి చూసి, చేతులు జోడించి పోయేవాళ్ళు.

మా ఎదురింటి అక్క గుంటూరులో నర్సింగు చదువుతుండేది. ఆఖరి సంవత్సరంలో వాళ్ళు ఒక పరిశోధన చేయాలట. మంచాన పడ్డవాళ్ళను ఇంట్లో చూసుకునే కుటుంబాలకు, ఒంటికి పుండు పడకుండా ఎలా కాపాడుకోవాలో నేర్పడం అక్క ఎంచుకున్న పని. ముందు నేర్పాలి. కొన్ని వారాలు ఆగి మళ్ళీ వచ్చి ప్రశ్నలు అడిగి, ఎంత తెలుసుకున్నారో చూడాలి. అలాంటి ఇళ్ళు వెతుక్కుంటూ మా ఊరూ పక్క ఊళ్ళూ తిరిగింది. ఎదురుగానే ఉన్నాం కాబట్టి మా ఇంటికి మొదట వచ్చింది.

అప్పటికి నాన్న నడుము కింద ఎర్రటి మచ్చ ఒకటే ఉంది. అక్క దాన్ని చూపించి ఓపిగ్గా చెప్పింది. మామూలు మనిషి నిద్రలో కూడా తెలియకుండా కదులుతాడు. స్పర్శ లేని మనిషి కదలడు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలుగుతుంది, అక్కడికి నెత్తురు అందదు, అందని చోట చర్మం చచ్చిపోతుంది. అందుకని మనమే తిప్పాలి. రెండు గంటలకోసారి, ఒకసారి కుడి పక్కకి, ఒకసారి ఎడమ పక్కకి, వీపుకి దిండు ఆనించి. మచ్చ పోయేదాకా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. బొమ్మలు గీసిన అట్టలు కూడా తెచ్చింది.

నాకు చదివింది ఇట్టే పట్టుబడేది. మా ఊరి గ్రంథాలయంలో పిల్లల బీరువా అప్పటికే ఖాళీ చేసి, పెద్దవాళ్ళ పుస్తకాల మీద పడ్డదాన్ని. అట్టల మీద రాసిందంతా ఆ సాయంత్రానికే కంఠతా పట్టి, నాయనమ్మ చేత కూడా పట్టించాను.

అక్క మళ్ళీ వచ్చినప్పుడు మా ఇంట్లో తప్పు జవాబు ఒక్కటీ లేదు.

"ఎన్ని గంటలకోసారి తిప్పాలి నాయనమ్మా?"

"రెండు గంటలకమ్మాయ్."

"ఎటు తిప్పాలి?"

"ఇటొకసారి, అటొకసారి. వెల్లకిలా ఎయ్యకూడదు. నిద్దట్లో లేపి అడిగినా చెప్తా, ఇది అట్టా బట్టీ పట్టిచ్చింది నాచేత," అని నాయనమ్మ నన్ను చూపించింది.

అక్క నవ్వుతూ నాన్న దగ్గరికెళ్ళి, పక్కకు ఒత్తిగించి చూసింది. మచ్చ ఉన్న చోట నా అరచేయంత పుండు. మధ్యలో గుంట పడింది. పుండు సంగతి మాకు తెలియక కాదు. రోజూ గుడ్డ మారుస్తూనే ఉన్నాం. మంచాన పడితే పుండు పడక మానుతుందా అనుకున్నాం.

ఆ సాయంత్రం అమ్మ వచ్చాక అక్క మెల్లగా చెప్పింది. "ఇంకొంచెం లోతుకి పోతే ఎముకకి పడుతుంది పిన్నీ. అప్పుడు జ్వరం వస్తుంది. ఆ జ్వరంతో మనిషి దక్కడం కష్టం." అమ్మ తలూపింది. నేను నాన్న వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు.

గుంటూరు వెళ్ళి అక్క తన మేడమ్‌కి ఈ సంగతి చెబితే, నీ పరిశోధన తెలివిడి గురించి కదా, తెలివిడి పెరిగింది, అదే రాసెయ్ అన్నదట. చాలా ఏళ్ళ తర్వాత అక్కే నాతో చెప్పింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అక్క మాత్రం ఆ ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చింది. అట్టలు తేలేదు, ప్రశ్నలూ లేవు. నాయనమ్మ ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంటే, ముక్కుకు చున్నీ కట్టుకుని ఎదురుగా కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టింది.

నాన్న మంచం గోడ వారగా ఉండేది. తలుపు వైపు తిప్పితే వచ్చినవాళ్ళు కనిపిస్తారు. అటు తిప్పితే గోడ. ఆ ఉదయం వేళ ప్రకారం నాన్నను తలుపు వైపు తిప్పాం. ఆ పక్క ఎర్రబడే వేళకు గోడ వైపు తిప్పబోయాం. ఇంతలో బయట దగ్గు వినిపించింది. నాయనమ్మ గబగబా దిండు లాగేసి నాన్నను వెల్లకిలా వేసింది. వచ్చినవాళ్ళు వెళ్ళాక మళ్ళీ తిప్పబోయాం. ఈసారి మందిరం వాళ్ళొచ్చారు. మళ్ళీ వెల్లకిలా. అక్క తొడిమలు తీస్తూ చూస్తూనే ఉంది. మధ్యాహ్నం దాకా గోడ వైపు తిప్పడం పడనే లేదు. అది మామూలే మాకు. ఏ రోజైనా అంతే.

జనం పలచబడ్డాక అక్క అడిగింది. "గోడ వైపు ఎప్పుడు తిప్పుతారు నాయనమ్మా?"

నాయనమ్మ వింతగా చూసింది. "ఇంటికొచ్చిన మనుషులకి వీపు చూపిస్తాడా ఏందే నా కొడుకు? పనులు మానుకుని వస్తన్నారు, గోడకి తిరిగి పడుకుంటే ఏమనుకుంటారే?"

"ఒంట్లో బాలేని మనిషి కదా, ఏమీ అనుకోరు."

"నీకేం తెలుసు? మొన్నటిదాకా ఊళ్ళో ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు పోయింది వీడే."

అక్క లేచింది. చేతులు కడుక్కుని వెళ్ళి నాన్న మంచం దగ్గర నేలమీద కూర్చుంది. ఇన్ని వారాల్లో ప్రశ్నలన్నీ మాకే పడ్డాయి. నాన్నను ఎవరూ ఏమీ అడగలేదు. అక్క కూడా అడగలేదు.

"మీకెట్టా ఉంటే బాగుంటుంది బాబాయ్?" అంది.

నాన్న తల అటు తిప్పాడు. "నేను చెయ్యగలిగేది ఇంకేముందమ్మా. వచ్చినోళ్ళకి మొహం చూపిచ్చటం తప్ప. అదన్నా చెయ్యనీండి."

ఆ మాట విని నేను ఏడవాల్సింది. ఏడవలేదు. చేతిలోని మిరపకాయ తొడిమ తీసి చేటలో వేశాను.

అక్క లేచి గది నాలుగు పక్కలా చూసింది. మంచాన్ని గోడ దగ్గర్నుంచి లాగి గది మధ్యలో వేస్తే, రెండు పక్కలా మనుషులు కూర్చోవచ్చు. బాబాయ్ ఎటు తిరిగితే స్టూలు అటు వేద్దాం, ఎటు తిరిగినా ఎదురుగా మనుషులే ఉంటారు అంది. నాయనమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"నడింట్లోనా? నడింట్లో పెట్టె పెడతారే అమ్మాయ్, పోయినోళ్ళ పెట్టె! బతికున్న మనిషి మంచం ఎవరన్నా ఏస్తారా అక్కడ? మా ఆయన్ని ఆడే పెట్టారు. నేను చెయ్యనియ్యను."

చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు మూఢనమ్మకం అనే మాట వాడతారు. అక్క వాడలేదు. మూలనున్న చాప తెచ్చి నడింట్లో పరిచి, చున్నీ తల కింద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది.

నాయనమ్మ లేచి నిలబడింది. "లెగవే! పెళ్ళి కావాల్సిన పిల్లవి, ఆడ పడుకుంటావా? లెగు, మీ అమ్మ చూస్తే నన్ను తిడుతుంది!"

"నిద్రొస్తంది నాయనమ్మా. మిరపకాయల ఘాటుకి తల తిరిగింది."

"లెగమంటన్నానా?"

"ఇక్కడ గాలి బాగా వస్తంది."

నేను వెళ్ళి అక్క పక్కన పడుకున్నాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. నేల చల్లగా ఉంది. నాయనమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి తిట్టింది. అక్క ఒక కన్ను తెరిచి, "చూడు నాయనమ్మా, ఇంకా పోలా," అంది.

అప్పుడు మంచం మీద నుంచి నాన్న అన్నాడు. "నా మంచం కూడా జరపవే అమ్మా. ఆళ్ళకి రాని చావు నాకేం వస్తది."

నాయనమ్మ కొడుకు వంక చూసింది. రాయి పడిన తర్వాత ఆయన తనంతట తానుగా ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి. అక్క మంచం తల వైపు పట్టుకుంది. నేను కాళ్ళ వైపు ఒక కోడు, నాయనమ్మ ఒక కోడు పట్టుకున్నాం.

తర్వాతి ఆదివారం వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. నడింట్లో మంచం చూసి మా మేనత్త భర్త, మేము మామయ్య అనే పెద్దాయన, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నాయనమ్మే ముందుకెళ్ళి ఆయన్ను అవతలి పక్క స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన నాన్నతో పొగాకు రేట్ల గురించి మాట్లాడుతుండగా తిప్పే వేళయింది.

"లెగండి మామయ్యా, ఇటు వచ్చి కూర్చోండి," అన్నాను.

"ఏందే ఇది, బస్సులో సీట్లు మార్చినట్టు!"

"టికెట్టు తీసుకున్నావుగా బావా, కూర్చో," అన్నాడు నాన్న.

ఎవరో నవ్వారు. మా ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది కాబట్టి ఆ శబ్దం కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. నాకు నవ్వు రాలేదు. దిండు సర్దాను.

పుండు ఆరడానికి చాలా నెలలు పట్టింది. పొదిలి నుంచి వారం వారం వచ్చే కాంపౌండరు చచ్చిన చర్మం తీసి కట్టుకట్టేవాడు. మొదట వాసన తగ్గింది. తర్వాత గుంట అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనిపించింది. మళ్ళీ మిరపకోతలు మొదలయ్యే నాటికి పుండు మూసుకుపోయి, ముడతలు పడిన తెల్లటి మచ్చ మిగిలింది. నాన్న లేచి నడవలేదు. నడుస్తాడని ఎవరూ అనలేదు. ఇంకా కొన్నేళ్ళు బతికి, నేను ఇంటర్ మధ్యలో మానేసిన ఏడాది మూత్రపిండాల జబ్బుతో పోయాడు. పెట్టె నడింట్లోనే పెట్టారు. దానికోసం మంచం జరపాల్సి వచ్చింది.

అక్క తన పరిశోధనలో రెండు సంగతులూ రాసింది. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయనీ, అలాంటి ఇళ్ళలోనూ పుండ్లు పెరిగాయనీ. ఎందుకు పెరిగాయో తెలియాలంటే ప్రశ్నలు అడిగితే సరిపోదనీ, ఆ ఇంట్లో ఒక పూట కూర్చోవాలనీ చివర్లో రాసిందట. మార్కులు తగ్గుతాయని భయపడుతూనే రాశానంది. ఇప్పుడు నర్సింగు పాఠాలు చెబుతోంది. తన దగ్గర చదివే పిల్లల్ని మొదటి వారం రోగుల ఇళ్ళకు పంపి, ఏమీ నేర్పకుండా చూసి రమ్మంటుందట.

నా చదువు ఇంటర్‌తో ఆగినా గ్రంథాలయం ఆగలేదు. రోగి సంరక్షణ గురించి తెలుగులో దొరికినవన్నీ చదివాను. దొరకనివి అక్క పంపితే నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులోనూ చదివాను. నర్సింగు అంటే సూదులూ మాత్రలూ అనుకునే రోజుల నుంచి, అదొక శాస్త్రమని, మనిషి పక్కన కూర్చుని చూసినదాన్ని పద్ధతిగా రాసి పెట్టడంతోనే అది పెరుగుతుందని తెలిసేదాకా వచ్చాను. నాకింకా నలభై నిండకపోయినా, మా వీధిలో అందరూ నన్ను పెద్దమ్మా అని పిలుస్తారు. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికెళ్ళొచ్చి, ఆయన చెప్పింది నన్ను మళ్ళీ చెప్పమంటారు.

మొన్న మా వీధి చివరి ఇంటి కోడలు వచ్చింది. మామగారు షుగరు మాత్రలు వేసుకోవడం లేదట. "ఎన్నిసార్లు చెప్పినా ఇనటంలా పెద్దమ్మా. పుస్తకాలు చదివినదానివి, నువ్వన్నా గట్టిగా చెప్పు," అంది. సరేనని వెళ్ళి పెద్దాయన్ను పలకరించాను. ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రికో, మానేస్తే ఏమవుతుందో నేను అడక్కముందే గడగడా అప్పజెప్పాడు. నాకు చెప్పడానికి ఏమీ మిగలలేదు. మంచిది బాబాయ్ అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు పొద్దున, ఆయన టిఫిను వేళకు ముందే వాళ్ళింటికి వెళ్ళాను. ఏంది పెద్దమ్మా ఇంత పొద్దున్నే అని కోడలు అడిగింది. ఏమీ లేదమ్మా, ఊరికే వచ్చానని చెప్పి వాళ్ళ వసారాలో కూర్చున్నాను.